రెండు తీర్ల పుస్తెలు

ఇంకా నాలుగు పొద్దులే మిగిలాయి. ఆ లెక్క వేసుకోకూడదనుకుంటూనే సుభాషిణి మంగళవారం పొద్దున కోర్టు మెట్ల మీద మళ్లీ వేసుకుంది. శుక్రవారం ఐదు కొట్టగానే సర్కారు ఆమెకు శాలువా కప్పి ఇంటికి పంపిస్తుంది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటరు. జనం నోట్లో అది ‘పీపీ మేడం’ అయింది. పోలీసులు పట్టుకొచ్చిన దొంగ మీద, తాగి తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ముల మీద సర్కారు తరఫున నిలబడి మాట్లాడే వకీలు. ఊళ్లు మారాయి, మెజిస్ట్రేట్లు మారారు, చివరికి చట్టాలకు పేర్లే మారిపోయాయి. నల్లకోటు మాత్రం అదే. మోచేతుల దగ్గర బూడిదరంగుకు తిరిగింది.

వరండా చివర ఆమె గది. రెండు కుర్చీలు, ఒక బీరువా, కిటికీ అవతల జిరాక్సు మిషను రొద. బల్ల మీద పదకొండు పాత ఫైళ్లున్నాయి. పోయేలోపు తెగినన్ని తెంపుదామని ఆమె అన్న మాట పట్టుకొని కోర్టు కానిస్టేబుల్ రాజమౌళి ఏరి పెట్టినవి. ఆమె ఒక్కొక్క కట్ట నాడా ముడిని గోటితో విప్పి, కాగితాలు సర్ది, మళ్లీ ముడి వేసి పక్కన పెడుతోంది. చదవడం లేదు. ఏ ఫైలులో ఏముంటుందో ముట్టుకుంటేనే తెలిసిపోయే వయసు వచ్చింది.

“మేడం, మనిషి దొరికింది,” అంటూ రాజమౌళి లోపలికి వచ్చాడు. నౌకరీలో సగం ఈ వరండాలోనే గడిపినవాడు. యూనిఫారం పొట్ట దగ్గర బిగుతుగా, భుజాల దగ్గర వదులుగా ఉంటుంది.

“ఎవరు?”

“మరిపెడ దిక్కు సమ్మమ్మ. గా పుస్తెలతాడు కేసు లేదా, ఆరేండ్లది. మూడు వాయిదాల సంది సమన్లు తీస్కపోతె ఇంటికి తాళం. సూస్తె గీడనే ఉన్నది, మొగుణ్ణి తీస్కొని పెద్ద దవాఖాన్ల. మంచం కాడికే వోయి ఏలుముద్ర ఏయించుకున్న.”

“నువ్వు పోస్టుమ్యానువు కావలసినోనివి రాజమౌళీ.”

“పోస్టుమ్యాన్‌కన్న మంచి ఉత్తరాలుంటయి మేడం. నేను కనవడితె తలుపులేసుకుంటరు.”

సమ్మమ్మ చెప్పులు గది బయట విప్పి గడప దగ్గర నిలబడింది. అరవై దగ్గరపడ్డ మనిషి. నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. చీర కుచ్చెళ్లకు దవాఖానా ఫినాయిలు వాసన. మెడలో పసుపుతాడు, దానికి ముడతలు పడ్డ పసుపుకొమ్ము ఒకటి.

“కూసో అమ్మా.”

“కూసుంటె లేవబుద్ధి గాదు మేడం. నా సామాను ఇస్తె పోత. ఆయిన కాడ పక్కమంచం ఆమెను కూసోవెట్టి వచ్చిన.”

“ఏం సామాను?”

“నా పుస్తెలు.”

రాజమౌళి నవ్వాడు. “గట్ల సంచిల ఏసి ఇయ్యనీకె ఇదేమన్న కిరాణం దుకాణమా అక్కా? ముందుగాల బోనెక్కి సాక్ష్యం చెప్పాలె.”

“మీరే గద మేడం అన్నరు, కేసైనంక ఇస్తరని,” అంది సమ్మమ్మ, అతని వైపు చూడకుండా. “గిదే గదిల అన్నరు. అప్పుడు మీ ఎంట్రుకలు నల్లగుండె.”

సుభాషిణికి ఆ రోజు గుర్తులేదు. కానీ అనే ఉంటుంది. అందరికీ అదే అంటుంది. సొమ్ము పోగొట్టుకున్నవాళ్లు ఒక దరఖాస్తు పెట్టుకొని, పూచీకత్తు రాసిచ్చి, కేసు నడుస్తుండగానే దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు. అడిగినవాళ్లకు ఆమె చెప్పేది. అడగనివాళ్లకు చెప్పేది కాదు. సొమ్ము కోర్టు భద్రంలోనే ఉంటే విచారణనాడు ఏ తిప్పలూ ఉండవు. కేసైనంక ఇస్తరు అన్నది అబద్ధమేమీ కాదు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ మాట మీదే హాయిగా నడిచింది.

“ఆయినకు ఎట్లున్నది?”

“లివర్ ఖరాబైంది. కడుపుల నీళ్లు తీస్తాండ్లు, మల్ల నిండుతాంది. డాక్టరమ్మ ఎవ్వరన్న సూసేటోళ్లుంటె పిలుచుకోమన్నది.” సమ్మమ్మ పసుపుకొమ్మును రెండు వేళ్లతో పట్టుకొని తిప్పింది. “ఆయిన ఉండంగనే ఒక్కసారి ఆయిన చేత్తోని కట్టించుకుంట మేడం. రేపు ఏమన్న అయితె పదకొండో దినం నా మెడలకెల్లి తీస్తరు గద. తీయనీకె ఏమన్న ఉండాలె గద. పసుపుకొమ్ము తీస్తరా?”

రాజమౌళి నవ్వు ఆగిపోయింది. సుభాషిణి ఫైలులోకి తల వంచుకుంది. అయిదేళ్ల కింద, భర్త పోయిన పదకొండో దినం, మట్టెవాడలోని తమ ఇంటి వెనక నల్లా దగ్గర, పెద్దాడబిడ్డ తన మెడలోని తాడు విప్పుతూ ముడి రాక పళ్లతో లాగింది. ఆ పళ్ల చప్పుడు ఇప్పుడు వినబడ్డట్టయింది.

కేసు చిన్నదే. మేనకోడలి పెళ్లి బట్టలకని సమ్మమ్మ వరంగల్ వచ్చింది. బజారు సందులో వెనక నుంచి బండి మీద వచ్చినవాడు మెడలోని తాడు తెంపుకొని పోయాడు. నెల తిరక్కుండానే పోలీసులు రాంప్రసాద్ అనే ఆటో డ్రైవరును పట్టుకున్నారు. పాత చిల్లర దొంగతనం ఒకటి వాడి పేరు మీద ఉంది. తాడు కరిగిపోయిందన్నారు, పుస్తెలు రెండూ దొరికాయన్నారు. కరోనా వచ్చి రెండేళ్లు తిన్నది. కేసు పట్టిన ఎస్సై బదిలీ అయ్యాడు, పంచనామా సాక్షి జబ్బుపడి లేచాడు. అందరూ ఒక్కొక్కరే వచ్చి చెప్పిపోయారు. ఇక సమ్మమ్మ బోనెక్కి ‘ఇవి నావే’ అనడం ఒక్కటే మిగిలింది.

ఆ రోజు అది కాలేదు. సొమ్ము భద్రపరిచే గది గుమాస్తా సావిత్రి సెలవులో ఉంది, తాళంచెవి ఆమె దగ్గరే. మెజిస్ట్రేటు గురువారానికి వాయిదా వేసింది. వెనక గోడకు ఆనుకొని నిలబడ్డ రాంప్రసాద్ ఖాకీ చొక్కా మడత చేతి మీద వేసుకొని, “ఎల్లుండి,” అని తనలో తాను అనుకొని బయటికి నడిచాడు. ఆరేళ్లుగా ప్రతి వాయిదాకూ వస్తున్నాడు. సమ్మమ్మ అతను పోయిన గుమ్మం వైపు చాలాసేపు చూసింది.

“మంచిగనే ఉన్నడు,” అంది.

బుధవారం సుభాషిణి దరఖాస్తు తన చేత్తోనే రాసింది. అది ఆమె రాయవలసింది కాదు. సాక్ష్యం కాగానే మెజిస్ట్రేటు ముందు పెడితే గురువారం సాయంత్రానికే పుస్తెలు చేతికి ఇప్పించవచ్చు. వేలుముద్ర వేయించుకురమ్మని రాజమౌళిని పంపవచ్చు కూడా. ఎందుకో తానే ఆటో ఎక్కి దవాఖానాకు పోయింది.

మూడో అంతస్తు వార్డులో కిటికీ పక్క మంచం. యాకయ్య కడుపు కుండలా ఉబ్బి ఉంది, చేతులు కాళ్లు మాత్రం పుల్లలు. కళ్ల తెలుపంతా పచ్చబడింది. సమ్మమ్మ తడిగుడ్డతో అతని పాదాలు తుడుస్తోంది, ఒక్కొక్క వేలి సందూ.

“పీపీ మేడం వచ్చింది. లే,” అంది.

“లేస్త. నువ్వు కడుపు పట్టుకో, నేను లేస్త,” అన్నాడు యాకయ్య. గొంతు సన్నగా ఉన్నా అందులో ఎకసెక్కం పోలేదు. “అమ్మా, నమస్తె. మా ఆమె పుస్తెలు తెచ్చినవా?”

“రేపు ఇప్పిస్త.”

“జర సూసి తే. మా పుస్తెలు ఇద్దరు అన్నదమ్ముల లెక్క కొట్లాడుకుంటాంటయి.”

“ఇగ మొదలువెట్టిండు,” అంది సమ్మమ్మ. కానీ ఆపలేదు. దరఖాస్తు మీద వేలు వేయడానికి చీర కొంగుతో బొటనవేలు తుడుచుకుంటూ ఉండిపోయింది.

“తల్లిగారోళ్లు ఒకటి, అత్తగారోళ్లు ఒకటి చేయిస్తరు గదమ్మా. వాళ్ల అయ్య మంచిగ గుండ్రంగ, అద్దం లెక్క చేయించిండు. మా ఊర్ల బంగారం పనిజేసే అవుసులాయినకు అప్పటికే సూపు మందగించింది. మాది చిన్నది, నడుమ బొట్టు పక్కకు జరిగింది. పందిట్లనే వీళ్ల మేనమామ నవ్విండు, పుస్తెకు పక్షవాతం వచ్చిందని. ముప్పై ఎనిమిదేండ్లు దెప్పింది నన్ను. అన్నం మాడితె పుస్తెది తప్పు, వాన పడకపోతె పుస్తెది తప్పు.”

“నేనెన్నడన్న?”

“అంటివి. పోయినంక అంటలేవు.”

సమ్మమ్మ తల వంచుకొని నవ్వింది. ఆ నవ్వుతోనే ఇంకు పెట్టెలోంచి వేలు తీసి దరఖాస్తు మీద ఒత్తింది. సుభాషిణి కాగితాన్ని ఊది ఆరబెట్టింది. ఆరిందో లేదో చూసుకోకుండానే మడిచింది. ఏదో ఒక మాట ఆమె మనసులో గుచ్చుకుంది, అది ఏమిటో మెట్లు దిగుతున్నంతసేపూ తెలియలేదు.

ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే సంచిలోంచి ఫైలు తీసింది. సొమ్ము పట్టినప్పటి పంచనామా, మూడో పేజీ. ‘ఒకే అచ్చున పోసినట్టుండు బంగారు పుస్తెలు రెండు.’

ఆ వాక్యాన్ని ఆమె ఎన్నిసార్లు చదివిందో. ఎస్సైతో బోనులో చదివించింది కూడా. ఎవరు రాసినా పంచనామాల్లో ఇలాంటి వాక్యాలే ఉంటాయి కనుక అది కంటికి ఆనలేదు. ఆడదై పుట్టి, తన మెడలో ఒకటి పెద్దది ఒకటి చిన్నది ముప్ఫై ఏళ్లు మోసి కూడా ఆనలేదు. రాసిన కానిస్టేబులు ఎవడో పెళ్లి కాని పిల్లవాడై ఉంటాడు. చూసి ఉన్నదున్నట్టు రాశాడు. దొంగ దొరికాడని పైకి చెప్పేశాక సొమ్ము దొరకకపోతే బాగుండదు. ఏదో దుకాణం మీద ఒత్తిడి పెడతారు. దుకాణంవాడు తంటా ఎందుకని అద్దాల పెట్టెలోంచి తయారు సరుకు ఒక జత తీసి ఇస్తాడు. తాడు కరిగిందని రాస్తే చాలు. ఇలాంటివి జరుగుతాయని ఆమెకు తెలుసు. పక్కింట్లో మొగుడు పెళ్లాన్ని కొడతాడని గోడ ఇవతలివాళ్లకు తెలిసినట్టు తెలుసు.

అన్నం వండుకోలేదు. వేలుముద్ర వేసిన దరఖాస్తును బల్ల మీద పరిచి, మడత మీద పడ్డ ఇంకు మరకను చూస్తూ కూర్చుంది.

గురువారం సావిత్రి గుడ్డ పొట్లం తెచ్చి మెజిస్ట్రేటు బల్ల ముందు లక్క ముద్ర పగలగొట్టింది. ఇంకా పిలుపు కాలేదు. బోనెక్కే ముందు సాక్షికి సొమ్ము ఒకసారి చూపించడం అలవాటు. సమ్మమ్మ కొంగుతో చేతులు తుడుచుకొని దగ్గరికి వచ్చింది. రెండు పుస్తెలు తెల్లకాగితం మీద పక్కపక్కన ఉన్నాయి. ఒకే సైజు. బొట్లు రెండూ సరిగ్గా నడుమ ఉన్నాయి.

ఆమె ఒకదాన్ని తీసి తిప్పింది. గోటితో అంచును గీరి, ఆ గోటిని వెలుతురులో చూసుకుంది.

“గీతలల్ల పసుపు లేదు,” అంది మెల్లగా. “నేను తానం జేసినప్పుడల్లా పెట్టేదాన్ని. ముప్పై ఎనిమిదేండ్ల పసుపు. కడిగితె పోతదా?”

రాజమౌళి ఆమె మోచేయి పట్టుకొని వరండాలోకి తీసుకుపోయాడు. సుభాషిణి వెనకే వెళ్లింది.

“నాయి గావు మేడం.”

“స్టేషన్ల నీకు చూపించలేదా?”

“దొరికినయన్నరు. నేను ఏడ్సిన సంతోషానికి. కాయితం మీద ఏలువెట్టుమన్నరు, వెట్టిన.”

“అక్కా, నా మాట ఇను,” అన్నాడు రాజమౌళి. గొంతులో బెదిరింపేమీ లేదు, సొంత మనిషికి చెప్పినట్టు చెప్పాడు. “బంగారం బంగారమే గద. నీ మొగుడు ఆడ ఎదురుసూస్తాండు. నాయే అను, పొద్దూకెటాళ్లకు నీ మెడలుంటయి. ఆయిన కండ్లు గూడ సరింగ కనవడ్తలేవంటివి. గుర్తువడ్తడా?”

సమ్మమ్మ సుభాషిణి వైపు తిరిగింది. “మీరు చెప్పున్రి మేడం. నాయే అంటె ఇస్తరా?”

“ఇస్తరు.”

“కాదంటె?”

“ఇయ్యరు.”

“మరి వాడు?” వరండా చివర రాంప్రసాద్ గోడకు ఆనుకొని చెప్పు తెగిన చోట పిన్నీసు గుచ్చుతున్నాడు.

“నాయే అంటే వానికి శిక్ష పడుతది. తెంపంగ వాణ్ణి చూసినవా?”

“ఎనుకకెల్లి వచ్చిండు. టోపీ ఉండె నెత్తికి, బండి టోపీ. పోలీసోళ్లు వీడే అన్నరు.” సమ్మమ్మ మళ్లీ అతని వైపు చూసింది. “వాడు కాదా?”

“నాకు తెల్వదు.”

ఇరవై తొమ్మిదేళ్లలో సాక్షులకు ఆమె చెప్పేది ఒక్కటే. కాగితంలో ఉన్నట్టు చెప్పు, ఎక్కువ తక్కువ మాట్లాడకు. ఇప్పుడు ఆ మాట నోటి దాకా వచ్చింది. “నీకు తెలిసిందే చెప్పు సమ్మమ్మా,” అంది. అది సలహా కాదని, బరువు దించుకోవడమని ఆమెకే అనిపించింది.

పిలుపు వచ్చింది. సమ్మమ్మ బోనెక్కింది. రాంప్రసాద్ తరఫున కోర్టు ఇచ్చిన ఉచిత వకీలు వినయ్, ఇంకో కోర్టులో పని ఉందేమో, ఫోను చూసుకుంటున్నాడు. సుభాషిణి పేరు అడిగింది, ఊరు అడిగింది, ఆ రోజు ఏమైందో అడిగింది. సమ్మమ్మ అన్నీ సరిగ్గా చెప్పింది. సావిత్రి కాగితాన్ని బోను అంచు మీద పెట్టింది.

“ఇవి ఎవరివి?”

సమ్మమ్మ వాటిని చూడలేదు. ఎదురుగా గోడ మీది గడియారాన్ని చూసింది. దవాఖానాలో పదకొండింటికి కడుపులో నీళ్లు తీస్తారు. ఇప్పుడు పదకొండు దాటింది.

“నాయే,” అంది.

టైపు మిషను ముందున్న పిల్ల ఆ మాట కొట్టింది. రాజమౌళి తలుపు దగ్గర ఊపిరి వదిలాడు. ఇక రెండు వాక్యాలు. ‘సొమ్మును గుర్తించినది’ అని నమోదు చేయించి కూర్చుంటే చాలు. వినయ్ అప్పుడే సగం లేచి, “అడగవలసింది ఏమీ లేదు మేడం,” అనడానికి సిద్ధంగా ఉన్నాడు. దరఖాస్తు సుభాషిణి ఫైలు అడుగున ఉంది. వేలుముద్ర అట్ట మీదికి కూడా కొంచెం అంటింది.

ఆమె కూర్చోలేదు. ఫ్యాను కింద కాగితం ఎగురుతుంటే సావిత్రి వేలితో అదిమి పట్టింది.

“ఈ రెండింట్ల మీ తల్లిగారు చేయించింది ఏది?”

మెజిస్ట్రేటు తలెత్తింది. చిన్న వయసు మనిషి, వచ్చి ఏడాది కాలేదు. ప్రాసిక్యూటరు ఆ ప్రశ్న ఎందుకు అడిగిందో ఆమెకు అర్థం కాలేదు. సమ్మమ్మకు అయింది. ఆమె గడియారం మీది నుంచి చూపు దించి సుభాషిణిని చూసింది. చాలాసేపు చూసింది.

“మీరు దవాఖానకు వచ్చి విన్నరు గద మేడం,” అంది. “ఆయిన మీకు నవ్వుకుంట చెప్పె.”

సుభాషిణి బల్ల అంచు పట్టుకుంది.

“ఏదమ్మా, చూపించండి,” అంది మెజిస్ట్రేటు.

సమ్మమ్మ పుస్తెలు రెండూ చేతిలోకి తీసుకుంది. అరచేతిలో వాటిని ఒకసారి ఎగరేసినట్టు కదిలించి, తిరిగి కాగితం మీద పెట్టింది.

“ఏది గాదు. రెండు నాయి గావు. నాయి రెండు రెండు తీర్ల ఉంటయి.”

వినయ్ ఫోను జేబులో వేసుకున్నాడు. మెజిస్ట్రేటు కళ్లద్దాలు సర్దుకొని, “సాక్షి మాట మార్చినట్టేనా మేడం? హోస్టైల్ అని ప్రకటిస్తారా?” అని అడిగింది. అది పద్ధతి. సాక్షి అడ్డం తిరిగితే, అబద్ధం చెబుతోందని ప్రాసిక్యూటరే లేచి అనాలి. సుభాషిణి వందసార్లు అని ఉంటుంది.

“లేదు మేడం. ఇప్పుడు నిజం చెప్పింది.”

బోను దిగుతూ సమ్మమ్మ మెట్టు తప్పి తూలింది. పట్టుకోవడానికి సుభాషిణి చేయి చాచింది. సమ్మమ్మ ఆ చేతిని కాక బోను కర్రను పట్టుకొని దిగి, చెప్పులు వేసుకొని, వెనక్కి చూడకుండా పోయింది.

శుక్రవారం పొద్దున తీర్పు రెండు నిమిషాల్లో అయిపోయింది. రాంప్రసాద్ మీద నేరం రుజువు కాలేదు. ఆ పుస్తెలు ఎవరివో తేలేదాకా భద్రంలోనే ఉంచమన్నారు. సావిత్రి వాటిని మళ్లీ గుడ్డలో కట్టి, అగ్గిపుల్లతో లక్క కరిగించి ముద్ర వేసింది.

సుభాషిణి తన గదిలో కూర్చొని పైఅధికారికి ఒక పేజీ రాసింది. ఆ సొమ్ము ఎక్కడిదో విచారించాలని, అదే రాతలో ఉన్న పాత పంచనామాలు తిరిగి చూడాలని. దాని మీద ఒక నంబరు వేస్తారని, ఆ నంబరు ఒక ఫైలులోకి, ఆ ఫైలు ఒక బీరువాలోకి పోతుందని ఆమెకు తెలుసు. అయినా సంతకం పెట్టింది. ఆ సంతకంతో శిక్ష పడ్డవాళ్లు ఎంతమందో గుర్తుచేసుకోవాలని చూసింది. మొహాలు రాలేదు. వరండా గోడకు ఆనుకున్న వీపులే వచ్చాయి.

“ఆఖరి కేసు గెలిచి పోతరనుకున్న మేడం,” అన్నాడు రాజమౌళి. నిష్ఠూరంగానే అన్నాడు. “ఆమె గూడ ఆగమాయె.”

“నిన్న నువ్వు ఆమెకు చెప్పిందే మంచిగుండె రాజమౌళీ.”

అతను బల్ల మీది ఫైళ్లు సర్దాడు. పదకొండులో పది అలాగే ఉన్నాయి.

తలుపు దగ్గర రాంప్రసాద్ నిలబడి ఉన్నాడు. దండం పెడతాడని, ఏడుస్తాడని ఆమె బిగుసుకుంది. అలాంటివి ఆమెకు చేతకావు. అతను గడప దాటలేదు.

“మేడం, ఇగ రావద్దా?”

“అవసరం లేదు.”

“వచ్చే నెల గూడ?”

“ఎప్పుడూ అవసరం లేదు.”

అతను తల ఊపి నిలబడే ఉన్నాడు. ఆరేళ్లలో ఒక్క వాయిదా తప్పనివాడికి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టుంది. “మరి మంచిది,” అని, వరండాలో తాను ఎప్పుడూ నిలబడే చోటును ఒకసారి చూసి పోయాడు. సుభాషిణి కూడా ఆ చోటును చూసింది. గోడ మీద సున్నం అక్కడ వీపు రాపిడికి నల్లబడి ఉంది.

మూడింటికి శాలువా కప్పారు. మేడం ఎంతమందికి శిక్షలు వేయించారో ఒకాయన కాగితం చూసి చదివాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆమె పూలదండను తీసి కుర్చీ వీపుకు వేసి, ఐదు కొట్టకముందే బయటపడింది. ఇరవై తొమ్మిదేళ్లలో అదొక్కటే ముందుగా పోవడం.

వార్డులో కిటికీలోంచి ఎండ వాలి మంచం మీద పడుతోంది. సమ్మమ్మ ఆమెను చూసి మొహం తిప్పుకుంది. సుభాషిణి మంచం కాళ్ల దగ్గర, పక్కవాళ్ల సామాను మధ్య, శాలువా సంచి పట్టుకొని నిలబడింది. క్షమించమనడానికి వచ్చిందో ఎందుకు వచ్చిందో తనకే తెలియదు.

యాకయ్య సగం కన్ను తెరిచాడు. “ఎవరు?”

“పీపీ మేడం,” అంది సమ్మమ్మ గోడతో చెప్పినట్టు.

“పుస్తెలు...”

“నిన్ననే చెప్పిన గద. మనయి గావట. ఎవరియో.”

“నేను ముందే అన్నగద. మనది అంత మంచిగుంటదా.” నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా సమ్మమ్మ అతని ఛాతీ మీద చేయి పెట్టి ఉంచింది. తర్వాత కిటికీ గూట్లోంచి ఒక కాగితం పొట్లం తీసింది. అందులో కొత్త పసుపుకొమ్ము, పసుపు రాసిన కొత్త దారం ఉన్నాయి. దారం ఇంకా తడిగా ఉంది. పాతది మెడలోనే ఉంచి, మంచం అంచున వీపు అతని వైపు పెట్టి కూర్చుంది. జుట్టు ముందుకు లాగి తల వంచింది.

యాకయ్య చేతులు లేచాయి. ఒక చేతికి సూది, ప్లాస్టరు. దారం కొసలు పట్టుకోవడానికే చాలాసేపు పట్టింది. పక్కమంచం ఆమె లేచి కూర్చుంది. మొదటి ముడి పడింది. రెండోది పడుతూ పడుతూ జారి, మళ్లీ పడింది. మూడోదానికి సూది ఉన్న చేయి దుప్పటి మీద వాలిపోయింది. అతను దాన్ని లేపడానికి చూశాడు. లేవలేదు.

సమ్మమ్మ తల తిప్పకుండానే అంది, “మేడం, జర ఆ చెయ్యి పట్టున్రి.”

సుభాషిణి కదల్లేదు. “నేను...” అని ఆగింది. ఆమె మెడలో ఏమీ లేదు. అలాంటివాళ్లు ఇలాంటి ముడి దగ్గరికి రాకూడదు. అది సమ్మమ్మకు తెలియకపోదు.

“తెలుసు,” అంది సమ్మమ్మ. “పట్టున్రి.”

సుభాషిణి సంచి కింద పెట్టింది. యాకయ్య మణికట్టు కింద తన అరచేయి పెట్టి లేపింది. ఏమీ బరువు లేదు. చర్మం వెచ్చగా, పలుచగా ఉంది. అతని వేళ్లు దారం కొసను వెతుక్కొని, దొరకబుచ్చుకొని, చుట్టి లాగాయి.

“గట్టిగ పడ్డదా?” అన్నాడు యాకయ్య.

సమ్మమ్మ చేయి వెనక్కి పెట్టి ముడిని తడిమి చూసింది. “పడ్డది. ఎప్పటిలెక్కనే వంకర పడ్డది.”

అతను కళ్లు మూసుకున్నాడు. మొహంలో నవ్వో నొప్పో తెలియనిది ఒకటి నిలిచింది. సమ్మమ్మ లేవలేదు, అట్లే తల వంచి కూర్చుంది. సుభాషిణి అరచేతిలో ఆ చేయి ఇంకా ఉంది. దాన్ని దుప్పటి మీద ఎప్పుడు దించాలో ఆమెకు తెలియలేదు.